పాయింట్ 22 నుంచి పాయింట్ 32కు: సెంటర్ ఫైర్ పిస్టల్‌తో నా అనుభవం

ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి, తరువాత పాయింట్ 22 (అంగుళంలో 0.22 వంతు కొలత తూటా) స్పోర్ట్ పిస్టల్‌కు వచ్చి, చాలాకాలం అక్కడే ఉండిపోయిన నాకు, చెన్నైలోని మా క్లబ్బు కోచ్ గారు ఈమధ్య పాయింట్ 32 సెంటర్ ఫైర్ పిస్టల్‌ను చేతికిచ్చారు. పిస్టల్ కొత్తది, తూటా కొలత కూడా కొత్తదే. పెద్ద తూటా అనగానే ఎవరైనా ముందు అడిగేది అది ఎంత గట్టిగా తన్నుతుందనే. నేనూ ఆ ప్రశ్నతోనే వెళ్లాను. తీరా చూస్తే, ఈ మార్పులో అన్నిటికంటే తేలికగా అలవాటైనది ఆ తన్నే. అసలు పని చెప్పినవి వేరే ఉన్నాయి. ఈ దారిలో రాబోయే తెలుగు షూటర్లకు పనికివస్తుందన్న ఉద్దేశంతో వాటిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా పోటీ గురించి. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పురుషుల పోటీ. ఒలింపిక్స్‌లో లేదు గాని ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉంది. మన దేశానికి ఇందులో మంచి చరిత్రే ఉంది. జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. 2006లో దోహాలో జ్వరంతో ఉండి కూడా 600కు 590 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసిందీ ఇందులోనే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో హర్‌ప్రీత్ సింగ్ స్వర్ణం, విజయ్ కుమార్ రజతం తెచ్చారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతం సాధించాక మన ఇళ్లల్లో పిస్టల్ మాట కొంచెం ఎక్కువగా వినిపిస్తోంది గాని, ఆ అమ్మాయి కాల్చేది పాయింట్ 22. సెంటర్ ఫైర్ సంగతి అడిగేవారు ఇప్పటికీ తక్కువే.

నిబంధనల ప్రకారం ఈ పోటీలో 7.62 మిల్లీమీటర్ల నుంచి 9.65 మిల్లీమీటర్ల వరకు ఏ తూటా అయినా వాడవచ్చు. అయితే మన దేశంలో 9 మిల్లీమీటర్ల పిస్టల్ పౌరులకు నిషిద్ధ బోరు, అంటే సామాన్యులు వాడకూడని తూటా కొలత. చట్టం అనుమతించే వాటిలో, 25 మీటర్ల దూరంలో కాగితం మీద నిలకడగా పడే తూటా కావాలంటే, చూపు నేరుగా .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ దగ్గర ఆగుతుంది. ఇది 1896లో రివాల్వర్ కోసం పుట్టిన పాత తూటా. కాన్పూర్ రివాల్వర్లలో వాడేదీ ఇదే. లక్ష్యసాధనకు మాత్రం దీనిలో 'వాడ్‌కట్టర్' అనే ప్రత్యేక రకం ఉంటుంది. నా పేరున ఆయుధ లైసెన్సు లేదు. క్లబ్బు లైసెన్సు కింద ఉన్న పిస్టల్, క్లబ్బు ఇచ్చే తూటాలు, పక్కన కోచ్ గారు, ఈ ఏర్పాటులోనే నా అభ్యాసమంతా సాగింది. ఇచ్చిన తూటాలెన్నో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. వెళ్లేటప్పుడు కాల్చిన ఖాళీ తొడుగులు, మిగిలిన తూటాలు కలిపి ఆ లెక్క సరిపోవాలి. ఒక్క తొడుగు గడ్డిలో పడి కనిపించకపోయినా, అది దొరికేదాకా అందరం వంగి వెతకవలసిందే.

మా కోచ్ గారు పోలీసు శాఖలో పనిచేసి విరమించినవారు, సూళ్లూరుపేట వైపు మనిషి. చెన్నైలో ఇన్నేళ్లున్నా మాటలో నెల్లూరు యాస పోలేదు. ఆయన నాకు పిస్టల్ కంటే ముందు తూటాను ఇచ్చారు. "ముందు దీన్ని బాగా చూడు అబ్బయ్యా, తుపాకీ యాడికీ పోదు" అన్నారు. చూడగానే అది పేలిపోయిన తూటా అనుకున్నాను, ఎందుకంటే సీసం గుండు బయటికి పొడుచుకు రాలేదు. ఇత్తడి తొడుగు అంచుతో సమానంగా, బల్లపరుపుగా, లోపలే కూర్చుని ఉంది. తొడుగు పొడవు 23 మిల్లీమీటర్ల చిల్లర. వేలితో తాకితే గుండు మీద పూసిన మైనంలాంటి జిడ్డు అంటుకుంది. ముందు భాగం చదునుగా ఉండడం వల్ల ఈ గుండు కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కత్తిరించుకుంటూ పోతుంది. వలయం గీతను తాకిందా లేదా అన్న వాదనకు తావుండదు. పాయింట్ 22 తూటాలో మందుగుండును అంటించే పదార్థం తొడుగు అడుగు అంచు చుట్టూ ఉంటే, దీనిలో అడుగు మధ్యన విడిగా ప్రైమర్ ఉంటుంది. సెంటర్ ఫైర్ అన్న పేరు అందుకే వచ్చింది.

లెక్కలు ఇష్టమైనవారికి ఒక పోలిక. పాయింట్ 22 గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే దాదాపు 2.6 గ్రాములు. పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 270 మీటర్ల వేగంతో వెళుతుంది. మేము వాడిన .32 వాడ్‌కట్టర్ బరువు 98 గ్రెయిన్లు, దాదాపు 6.4 గ్రాములు, వేగం సుమారు 230 మీటర్లు. బరువు రెండున్నర రెట్లు పెరిగి, వేగం మాత్రం తగ్గింది. బరువును వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం రెట్టింపు కంటే కాస్త ఎక్కువ; చేతికి తెలిసే తన్ను ఆ మేరకే ఉంటుంది. రెండు గుళ్లూ ధ్వని వేగానికి లోబడే వెళతాయి కాబట్టి గాలిని చీల్చే చురుకైన శబ్దం రెండింటిలోనూ లేదు. పాయింట్ 22 టప్పుమంటే ఇది మొద్దుగా ధబ్బుమంటుంది. చెవులకు మఫ్లు మాత్రం రెండింటికీ తప్పదు. తగరపు రేకుల కప్పు కింద నిలబడి కాలుస్తాం కాబట్టి చెవిలో ప్లగ్గు పెట్టుకుని దానిమీద మఫ్ వేసుకోవడం మా దగ్గర వాడుక.

నాకు ఇచ్చిన పిస్టల్ జర్మనీ వాల్టర్ సంస్థ తయారుచేసిన జీఎస్‌పీ, .32 రకం. నేను అలవాటుపడిన పాయింట్ 22లో మ్యాగజీన్ పిడి లోపలికి వెళుతుంది. దీనిలో అది ట్రిగ్గర్‌కు ముందు, బ్యారెల్ కింద ఉంటుంది. దానివల్ల పిడి ఆకారాన్ని చేతికి తగినట్టు చెక్కుకునే స్వేచ్ఛ దొరుకుతుంది. బరువు కూడా ముందుకు పడుతుంది. ఖాళీ పిస్టల్‌ను ఎత్తి పట్టుకున్నప్పుడే ఆ తేడా మణికట్టుకు తెలిసింది. ముందు బరువు ఉంటే బ్యారెల్ మూతి తొణకడం తగ్గుతుంది, కాని చివరి తూటాలకు వచ్చేసరికి భుజం ఆ అప్పు తీర్చవలసి వస్తుంది.

మ్యాగజీన్‌లో అయిదు తూటాలు పడతాయి. నింపడంలో ఒక మెళకువ ఉంది. ఈ తూటాకు అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. రివాల్వర్‌లో అది సుఖంగా కూర్చుంటుంది గాని, పేర్చిన మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని ముందుకు కదలవు. అందుకని ఒక్కొక్క తూటాను పెట్టినప్పుడల్లా దాని అంచు కిందిదాని అంచుకు ముందుండేలా బొటనవేలితో సర్దుకోవాలి. కోచ్ గారు కావాలనే ఒకసారి తప్పుగా పేర్చి, ఎలా ఇరుక్కుంటుందో చూపించారు. తూటాలు పెట్టనంతసేపూ ఛాంబర్‌లో, అంటే పేలే ముందు తూటా కూర్చునే గదిలో, అది ఖాళీ అని చూపే నారింజరంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి, మూతి లక్ష్యం వైపే ఉండాలి, ఆజ్ఞ వచ్చేదాకా మ్యాగజీన్ బల్ల మీదే ఉండాలి. ఈ విషయాల్లో పాతవారికీ కొత్తవారికీ మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా.

ట్రిగ్గర్ దగ్గర అసలు కథ మొదలైంది. ఇప్పటి నిబంధన ప్రకారం సెంటర్ ఫైర్‌కూ స్పోర్ట్ పిస్టల్‌కూ ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములుంటే చాలు. కాని పూర్వం సెంటర్ ఫైర్‌కు 1360 గ్రాములు ఉండాలన్న నియమం ఉండేది. మా క్లబ్బు పిస్టల్ ఆనాటిది. ట్రిగ్గర్ యూనిట్ కూడా ఆనాటిదే. కాగితం మీద 360 గ్రాములు పెద్ద తేడాగా కనిపించదు. వేలి కొసకు మాత్రం అది పెద్ద తేడాయే. ట్రిగ్గర్ నొక్కుడు రెండు దశల్లో ఉంటుంది: మొదట తేలికగా కదిలి ఒకచోట ఆగుతుంది, ఆపైన ఇంకా నొక్కితేనే పేలుతుంది. పాయింట్ 22లో మొదటి దశ దాటి రెండో దశ అంచున వేలు ఆగే చోటు నాకు కంఠతా వచ్చినట్టు తెలుసు. ఇక్కడ ఆ చోటు దాటి కూడా ఇంకా నొక్కవలసి రావడంతో, తుపాకీ సిద్ధంగా లేదేమో అన్న అనుమానం ప్రతిసారీ కలిగేది. ఆ అనుమానం వచ్చిన క్షణంలో చేతిలోని మిగతా వేళ్లు కూడా సాయానికి బిగుసుకుంటాయి. వేళ్లు బిగిస్తే, గురి చూసుకునే ముందు సైటు వెనుక సైటు గాడిలో నుంచి పక్కకు జరుగుతుంది.

ఆ జరగడం ఎంత ఖరీదైనదో లెక్క వేస్తే తెలుస్తుంది. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం 22 సెంటీమీటర్లు, లక్ష్యం 25 మీటర్ల దూరంలో ఉంది అనుకుంటే, గాడిలో ముందు సైటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే కాగితం మీద గుండు 11 సెంటీమీటర్లకు పైగా పక్కన పడుతుంది. ప్రిసిషన్ (నిదానంగా గురిచూసి కాల్చే మొదటి దశ) టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే వలయం వ్యాసం 5 సెంటీమీటర్లు మాత్రమే. అంటే పావు మిల్లీమీటరు తేడాకే పది చేజారుతుంది. చేయి మొత్తం కొంచెం ఊగినా, రెండు సైట్లూ సమంగా ఉన్నంతకాలం నష్టం తక్కువ. సైట్లు ఒకదానికొకటి తప్పితే మాత్రం నష్టం ఇన్ని రెట్లు. కొత్తగా వచ్చే పిల్లలకు కోచ్ గారు నల్ల వృత్తాన్ని చూడవద్దని, ముందు సైటునే చూడమని పదేపదే చెప్పడానికి కారణం ఇదే. కన్ను ఒకేసారి రెండింటినీ స్పష్టంగా చూడలేదు కాబట్టి, మసకబారవలసినది లక్ష్యమే.

అందుకని అసలు తూటాలు వేయకముందు చాలాసేపు ఖాళీ పిస్టల్‌తోనే ట్రిగ్గర్ నొక్కించారు. తెల్లగోడ ముందు నిలబడి, లక్ష్యం లేకుండా, ముందు సైటు కదలకుండా నొక్కడం ఒక్కటే పని. చూసేవారికి ఇది విసుగు. నాకు మాత్రం ఈ వ్యవహారంలో అత్యంత ఫలితమిచ్చిన భాగం ఇదేననిపించింది.

చెన్నై వాతావరణం సంగతి చెప్పకపోతే ఈ అనుభవం పూర్తికాదు. ఉదయం ఎనిమిది గంటలకే అరచేయి చెమటతో జారుతుంది. పాయింట్ 22కు ఆ జారుడు పెద్దగా పట్టదు. తన్ను తక్కువ కాబట్టి పిడి చేతిలో దాదాపు ఉన్నచోటే ఉంటుంది. .32కు అలా కాదు. ఒక్కొక్క తూటాకూ పిడి చేతిలో వెంట్రుకవాసి కిందికి జరిగి, అయిదో తూటాకు పట్టు మారిపోయి ఉంటుంది. మార్పు మెల్లగా జరుగుతుంది కాబట్టి మనకు తెలియదు, గుళ్లు మాత్రం కాగితం మీద నిలువు గీతలో పైకీ కిందికీ పరచుకుంటాయి. వాల్‌నట్ కర్ర పిడి మీద గరుకు చెక్కడం ఉన్నా చాలలేదు. బొటనవేలి మొదట్లో ఉన్న ఖాళీని పుట్టీతో నింపి, అది గట్టిపడ్డాక నా చేతికి తగినట్టు ఉప్పుకాగితంతో రుద్ది, ప్రతి అయిదు తూటాల తరువాత చేయి, పిడి రెండూ పొడి బట్టతో తుడుచుకోవడం అలవాటు చేసుకున్నాక ఆ నిలువు గీత బాగా కుదించుకుపోయింది.

మా రేంజిలో కాల్చేవారి నెత్తిన కప్పు ఉంటుంది, టార్గెట్లు ఆరుబయట ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ వెలుతురు పక్కనుంచి వచ్చి ముందు సైటు అంచు మీద మెరుస్తుంది. మెరిసిన అంచు కంటికి అసలు చోటు కంటే పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి కోచ్ గారి మందు కర్పూరం. తూటాలన్నీ లోపల పెట్టి తాళం వేయించి, ఖాళీ పిస్టల్‌తో వరండా చివరకు వెళ్లి, కర్పూరం బిళ్ల వెలిగించి, దాని పొగ పైన ముందు సైటును రెండు క్షణాలు ఉంచారు. కాటుకలాంటి మసి పట్టి, ఆ ఉక్కు ముక్క మీద మెరుపన్నదే లేకుండా పోయింది. వేలు తగిలితే మసి చెరిగిపోతుంది కాబట్టి పెట్టెలో పెట్టేదాకా ఒళ్లు దగ్గర పెట్టుకుని మెలగాలి. సైట్లు నల్లబరిచే స్ప్రేలు అంగట్లో దొరుకుతున్నా, ఆయన వాటిని ఒప్పుకోరు.

ఇక కాల్పులు. ప్రిసిషన్ దశలో అయిదు తూటాల చొప్పున ఆరు సిరీస్‌లు, ఒక్కొక్క సిరీస్‌కు అయిదు నిమిషాలు. మొదటి తూటా పేలినప్పుడు నాకు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం: పాయింట్ 22 అరచేతిని చరిచినట్టు ఉంటే, ఇది భుజందాకా నెమ్మదిగా నెట్టింది. మూతి పైకి లేచింది, మళ్లీ దాదాపు తనంతట తానే కిందికి వచ్చింది. మొదటి గుళ్లు నేను అనుకున్న చోటికంటే పైన పడ్డాయి. నెమ్మదిగా వెళ్లే బరువైన గుండు కిందికి దిగాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 25 మీటర్లలో ఆ దిగుడులో రెండింటికీ ఉన్న తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. కాని గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే తన్ను మొదలై మూతి లేవడం ఆరంభిస్తుంది. నెమ్మదిగా కదిలే గుండు లోపల కాస్త ఎక్కువసేపు ఉంటుంది, తన్నూ ఎక్కువ, కాబట్టి చేతి తుపాకుల్లో బరువైన గుండు తరచుగా పైనే పడుతుంది. వెనుక సైటును కొన్ని క్లిక్కులు దించాక గుళ్లు నల్ల వృత్తం మధ్యకు వచ్చాయి.

గుండు బ్యారెల్ దాటేలోపు చేయి కదలకూడదన్నది పాయింట్ 22లోనూ ఉన్న సూత్రమే. అక్కడ చిన్న అశ్రద్ధను తుపాకీ క్షమిస్తుంది, ఇక్కడ క్షమించదు. చేయి కదిలిందో లేదో తెలుసుకోవడానికి కోచ్ గారి దగ్గర ఒక చక్కని ఉపాయం ఉంది. వాడ్‌కట్టర్ గుండు తొడుగు అంచు దాటి బయటికి రాదు కాబట్టి, కాల్చేసిన ఖాళీ తొడుగు పొడవు, నిండు తూటా పొడవు ఒకటే. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి గుర్తుంచుకున్న ఖాళీ తొడుగులను ఆయన నిండు తూటాల మధ్య ఎక్కడో కలిపి, మ్యాగజీన్ నింపి నా చేతికిస్తారు. ఏది నిండుదో ఏది ఖాళీదో నాకు తెలియదు. ఖాళీ తొడుగు వచ్చినప్పుడు ట్రిగ్గర్ క్లిక్కుమంటుంది, పేలదు. ఆ క్షణంలో మూతి కదలకుండా ఉంటే పట్టు సరైనదని అర్థం, మూతి కిందికి తొణికితే తన్ను రాకముందే చేయి దానికి ఎదురువెళుతోందని అర్థం. పక్కన నిలబడిన ఆయన చూపు లక్ష్యం మీద ఉండదు, నా పిస్టల్ మూతి మీదే ఉంటుంది. "పేలినాక కూడా ముందు సైటు యాడుందో నువ్వు నాకు చెప్పగలగాల అబ్బయ్యా. చెప్పలేకపోతే కళ్లు మూసుకున్నావనే లెక్క" అనేవారు. "సార్, పైకి లేచి కుడికి వచ్చింది" అని చెప్పగలిగిన రోజు నుంచి ఖాళీ తొడుగులు కలపడం తగ్గించారు.

పోటీలో రెండో దశ అయిన ర్యాపిడ్‌లో (వేగంగా కాల్చేది) లెక్క మారుతుంది. చేయి నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి లేవకుండా దించి పట్టుకుని నిలబడాలి. టార్గెట్ తిరిగి కనిపించిన మూడు సెకన్లలో చేయి ఎత్తి, ఒక్క తూటా కాల్చి, దించేయాలి. తరువాత ఏడు సెకన్లు టార్గెట్ కనిపించదు. ఇక్కడి పది వలయం 10 సెంటీమీటర్లు, అంటే ప్రిసిషన్ టార్గెట్‌లోని వలయం కంటే రెట్టింపు వెడల్పు. కనిపించినప్పుడల్లా ఒక్క తూటాయే కాబట్టి, తన్ను తరువాత తుపాకీ మళ్లీ కుదురుకోవడానికి ఏడు సెకన్లూ ఉన్నాయి. పెద్ద తూటా వల్ల ఇక్కడ నష్టమే లేదని నా అభిప్రాయం. నన్ను వెనక్కి లాగింది మళ్లీ ఆ 1360 గ్రాముల ట్రిగ్గరే. చేయి పైకి వస్తుండగానే ట్రిగ్గర్ మొదటి దశ నొక్కేసి ఉంచాలి. సైటు వృత్తం కిందికి చేరేసరికి మిగిలిన బరువు కొద్దిగానే ఉండాలి. పాయింట్ 22లో ఆ కొద్ది నాకు తెలుసు. ఇక్కడ అది ఎక్కువై, మూడో సెకను చివరకు వేలు తొందరపడేది, గుళ్లు వలయానికి ఎడమ కింది మూలలో గుమిగూడేవి.

సీసం గుళ్లతో ఒక ఇబ్బంది ఉంది. కాల్పులు ముగిశాక వేళ్ల కొసలు నల్లగా, జిడ్డుగా ఉంటాయి. ఆ చేతులతో టీ గ్లాసు ముట్టుకోనివ్వరు. చన్నీళ్లతో, సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినడం, తాగడం. బ్యారెల్‌లో కూడా సీసం పొరలా అంటుకుంటుంది కాబట్టి, ఇత్తడి బ్రష్ ఛాంబర్ వైపునుంచి దూర్చి, పొడి గుడ్డముక్క తెల్లగా వచ్చేదాకా తుడవాలి. చెన్నై ఉప్పుగాలికి నూనె రాయని ఉక్కు చూస్తుండగానే తుప్పు పడుతుంది కాబట్టి చివరి గుడ్డ నూనెది. ఈ శుభ్రం చేసే పనికి పాయింట్ 22తో పోలిస్తే ఎక్కువ సమయం పడుతుంది. తూటా ధరలో తేడా అంతకంటే ఎక్కువ. మంచి వాడ్‌కట్టర్ విదేశాల నుంచి రావలసిందే; ఫిన్లాండ్ లాపువా, ఇటలీ ఫియోక్కీ వంటి పేర్లే ఎప్పుడూ వినిపిస్తాయి. వచ్చిన సరుకును క్లబ్బు సభ్యులకు పంచుకుంటూ వాడతారు, కాబట్టి పాయింట్ 22ను కాల్చినట్టు దీన్ని కాల్చడం ఎవరివల్లా కాదు.

అందువల్ల నేను చేసుకున్న ఏర్పాటు ఇది. ట్రిగ్గర్, పట్టు, మూడు సెకన్లలో చేయి ఎత్తడం వంటి అభ్యాసమంతా ఖాళీ పిస్టల్‌తో, పాయింట్ 22తో సాగుతుంది. వాడ్‌కట్టర్ తూటాలు పూర్తి సిరీస్‌ల కోసమే బయటికి వస్తాయి. జీఎస్‌పీలో ట్రిగ్గర్ యూనిట్‌ను విడిగా తీసి మార్చవచ్చు కాబట్టి, 1000 గ్రాములదాన్ని తెప్పించమని క్లబ్బును అడిగాను. కోచ్ గారికి మాత్రం తొందరేమీ లేదు. ముందు ఈ పాత ట్రిగ్గర్‌తోనే ర్యాపిడ్‌లో ఒక సిరీస్ మొత్తం ఎడమ మూలకు పోకుండా కాల్చి చూపించమన్నారు. క్లబ్బు పోటీకి నా పేరు ఇచ్చేది ఆ తరువాతేనట.